మెట్ల కింద ఊదా కట్టలు

ఫిబ్రవరి 11

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను, మీ వదిన బాగుంది, రంగు కాగు కూడా బాగుంది. ఎడమ మోకాలు ఒక్కటే నా మాట వినడం లేదు. నాలుగో తరగతితో పలక అటకెక్కించినవాణ్ణి, ఈ ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకో.

నువ్వు పంపిన రిబ్బన్ల రంగుల జాబితా మీ వదిన చదివి వినిపించింది. రొమ్ము క్యాన్సర్‌కు గులాబీ, రక్త క్యాన్సర్‌కు నారింజ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముత్యపు తెలుపు, పెద్దపేగు క్యాన్సర్‌కు ముదురు నీలం, మెదడులో గడ్డకు బూడిద, ఎయిడ్స్‌కు ఎరుపు, మనసు బాగోలేనివాళ్లకు ఆకుపచ్చ. జబ్బుకొక రంగా? నాన్న కాలంలో జబ్బులన్నిటికీ ఒకటే రంగు, మొహం పాలిపోవడం. మోకాలి నొప్పికి ఏ రంగో నువ్వు రాయలేదు. ఉంటే చెప్పు, ఒక మూర గుడ్డ నాకోసం ఆ రంగులో తడుపుకుంటాను.

ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదానివి, ఇంట్లో కాళ్లు చాపుకోకుండా మళ్లీ అదే ఆసుపత్రిలో జబ్బుల గురించి జనానికి చెప్పే ప్రచారం గది తెరిచి కూర్చున్నావు. కూర్చో. నీకు నేనేం చెప్పను, నేనూ కాగు వదల్లేదు. ఊళ్లో అందరూ మిల్లు గుడ్డ కొనుక్కుంటున్నారు. పోయిన ఏడు నువ్వు అడిగిన గులాబీ, నారింజ రిబ్బన్లు లేకపోతే నాన్న పెట్టిన ఈ రంగుల షెడ్డు తలుపు తుప్పు పట్టేది.

ఇప్పుడు మతిమరుపు జబ్బుకు ఊదా అడిగావు. ఇది మాత్రం నేను మనసు పెట్టి తడుపుతాను. అమ్మ చివరి రెండేళ్లు నన్ను షెడ్డులో కూలివాడు అనుకుంది గుర్తుందా? "మా అబ్బాయి రానీ, నీకింత పని పెడుతున్నందుకు గడ్డి పెడతాను" అని నా తల నిమిరేది. నన్ను తిడతానని నాకే చెప్పి ఓదార్చింది. ఆ రంగు నా చేతి మీదుగానే పోవాలి.

మీ పెద్దన్నయ్య


ఫిబ్రవరి 22

అన్నయ్యకు,

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. మోకాలికి ఏ రంగు ఇవ్వాలా అని గంటసేపు వాదించుకున్నారు.

రంగులకు చట్టమేమీ లేదు. ఇదే ఊదాను కొన్ని చోట్ల క్లోమం క్యాన్సర్‌కు కూడా వాడతారు. కానీ మా దగ్గర మాత్రం తేడా రాకూడదు. ఎందుకంటే మా సభలో జబ్బులన్నిటికీ ఒకే హాలు. జబ్బుకొక బల్ల, బల్లకొక రంగు గుడ్డ. తలుపు దగ్గరే వచ్చినవాళ్ల చొక్కాకు రిబ్బన్ గుచ్చుతాం. ఆ రంగు చూసి మావాళ్లు వాళ్లను ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్తారు. చదువు రానివాళ్లకు, చెప్పుకోలేనివాళ్లకు ఆ రిబ్బనే నోరు.

ఏప్రిల్‌లో చిన్న సభ ఉంది, సెప్టెంబర్‌లో పెద్దది. జానెడు ముక్కలు, వందకో కట్ట. కవరులో ఊదా మచ్చుముక్కలు మూడు పెట్టాను. మధ్యది మాకు కావలసిన రంగు. దాన్ని పక్కన పెట్టుకుని కలుపు అన్నయ్యా, ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ చెల్లెలు


మార్చి 30

చెల్లాయికి,

బస్సు కండక్టర్ చేతికి రెండు కట్టలు ఇచ్చాను. నా ముడి నా ముడే, కత్తెర పెట్టకు, కొస పట్టి లాగితే వస్తుంది.

మచ్చుముక్కల కవరు నేను విప్పలేదు. కోపం తెచ్చుకోకు. మచ్చు చూసి రంగు కలపడం అంటే పక్కవాడి పలక చూసి రాయడం. నాన్న చచ్చేదాకా మచ్చు పెట్టుకోలేదు, నేనూ పెట్టుకోను. ఊదా అంటే ఏంటో నాకు తెలుసు. లేత వంకాయ తొడిమ పక్కన ఉండే రంగు. కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

ఈసారి మాత్రం రంగు నన్ను ఏడిపించింది. పొడుల్లో కల్తీ పెరిగినట్టుంది. ఎంత కలిపినా ఇటుక పొడిలా మట్టిమట్టిగా తేలింది. నీలం పోశాను, ఇంకా పోశాను. మూడో రోజుకు దారికొచ్చింది. తీగ మీద ఆరేశాక మీ వదిన చాలాసేపు నిలబడి చూసింది. ఎలా ఉందే అంటే "మీరు కలిపారుగా" అంది. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అంటే ఇంతే.

మీ పెద్దన్నయ్య


ఏప్రిల్ 19

అన్నయ్యకు,

కట్టలు అందాయి. సభ అయిపోయింది. రంగు బాగుంది.

ఒక పెద్దావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకు మతిమరుపు జబ్బు. నీ రిబ్బన్ ఆయన చొక్కాకు గుచ్చాం. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఉంటే నిన్ను చూసి గర్వపడేది.

వేడి ఆవిరి దగ్గర ఎక్కువసేపు నిలబడకు. కళ్లు మసకగా ఉంటున్నాయా? ఉంటే ఒకసారి చూపించుకో.

నీ చెల్లెలు


మే 6

చెల్లాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాను. ఆ పెద్దావిడ సంగతి మంగలికి చెప్పాను, పాలవాడికి చెప్పాను, వినని వాడు ఈ వీధిలో లేడు. మంగలి అయితే "ఇంక చాలు, తల వంచండి" అన్నాడు.

నా కళ్ల గురించి అడిగావు. నా కళ్లకేం? సూదిలో దారం మీ వదిన ఎక్కిస్తుంది, అది వేరే సంగతి. కాగులో రంగు చూడ్డానికి సూది బెజ్జం చూడక్కర్లేదు.

పెద్ద సభకు ఇప్పటినుంచే తడుపుతున్నాను. ఆవిడ మళ్లీ వస్తే చెప్పు, ఈ రిబ్బన్ తడిపినవాడి తల్లికీ అదే జబ్బని.

మీ పెద్దన్నయ్య


సెప్టెంబర్ 28

చెల్లాయికి,

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు.

పక్కింటి టీచరమ్మ మీ పెద్ద సభకు వచ్చింది. వాళ్ల ఆయనకూ మతిమరుపు మొదలైందిట. తిరిగొచ్చి, గుచ్చిన రిబ్బన్ నాకు చూపించింది, "మీ చేతి పనేగా బాబాయ్ గారూ" అని. సంతోషంగా అందుకున్నాను. వేలికి తగలగానే తెలిసింది. జారుడు గుడ్డ. అంచు మిల్లులో కాల్చి కోసినది. నాది నూలు, కొంచెం గరుకు, అంచున నేత ఉంటుంది. కంటికి ఎవరైనా మాయ చేయగలరేమో, నా వేళ్లకు చేయలేరు.

ఏడు కట్టలు పంపానే ఈ ఎండాకాలం. అవేమయ్యాయి? మిల్లువాడి నున్నటి గుడ్డ చూసి మనసు మారిందా? మారితే మారింది, ముఖం మీద చెప్పాలి. నాన్న షెడ్డులో చేతులు రంగు చేసుకుని బడికి వెళ్లి, పిల్లలు నవ్వితే నా చొక్కాలో దాక్కుని ఏడ్చినదానివి నువ్వు. మిల్లు గుడ్డ గుచ్చడానికి నీ చెయ్యి ఎలా వచ్చింది?

అన్నయ్య


అక్టోబర్ 7

అన్నయ్యకు,

తప్పుగా అనుకోకు. ఈసారి జనం ఎక్కువ వచ్చారు. నీ రిబ్బన్లు సరిపోక చివర్లో మిల్లువి తెప్పించాం. టీచర్ గారు ఆలస్యంగా వచ్చి ఉంటారు, అందుకే ఆవిడకు అవి తగిలాయి. అంతకు మించి ఏమీ లేదు.

వదినను అడిగానని చెప్పు. విశ్రాంతి తీసుకో. ఇక ఈ ఏటికి కట్టలు అక్కర్లేదు.

నీ చెల్లెలు


అక్టోబర్ 25

నర్సమ్మ గారికి,

సరిపోలేదన్నావు. నేను వెర్రివాణ్ణి, నమ్మాను. మోకాలు పట్టేసినా స్టూలు వేసుకుని కూర్చుని ఇంకో రెండు కట్టలు తడిపాను, వచ్చే సభకు తక్కువ పడకూడదని. కండక్టర్ తీసుకెళ్లాడు. తిరిగొచ్చి వాడు మామూలుగానే అన్నాడు, "పెద్దాయనా, మీ కట్టలు పెట్టడానికి ఆ ఆసుపత్రి మెట్ల కింద ఇంక చోటు లేదు, పాతవి అలాగే ఉన్నాయి" అని. అలాగే అంటే ఎలా అని అడిగాను. "మీ ముడి విప్పలేదు" అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు ఉంది నా బతుకు. నా ముడి నాకు తెలుసు, వాడికీ తెలుసు. విప్పని కట్టలోంచి రిబ్బన్లు ఎలా అయిపోయాయి? టీచరమ్మను మళ్లీ అడిగాను. ఆవిడ వెళ్లింది పొద్దున తొమ్మిదింటికి, తలుపు తీయకముందే.

నీకు అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదు. ఇప్పుడైనా రాయి. మర్యాదలు వద్దు.

షెడ్డువాడు


నవంబర్ 4

అన్నయ్యా,

రాస్తున్నాను.

నువ్వు పంపింది ఊదా కాదు. నీలం. ముదురు నీలం. మొదటి కట్ట విప్పగానే చూశాను. లోపల వదిన పెట్టిన చీటీ ఉంది. "రంగు తప్పింది. ఆయనకు తెలియడం లేదు. చెప్పకు, ఈ పని ఉందనే పొద్దున్నే లేస్తున్నారు" అని రాసింది.

అయినా నేను వాటిని వాడాను. కొంచెం నీలం తిరిగితే ఏముందిలే అనుకున్నాను. ఆ పెద్దావిడ భర్తకు నీ రిబ్బనే గుచ్చాం. ఆవిడ కాగితం పని మీద కిటికీ దగ్గర ఉండగా, మావాళ్లు రంగు చూసి ఆయన్ని పేగు క్యాన్సర్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ ఎవరూ పలకరించకపోయేసరికి ఆయన బెదిరిపోయి లేచి వెళ్లిపోయాడు. రెండు గంటలు వెతికాం. బస్టాండులో దొరికాడు, చెప్పులు లేకుండా. ఆవిడ ఆ రిబ్బన్ పట్టుకుని ఏడ్చిన మాట నిజం. ఎందుకు ఏడ్చిందో నీకు రాయలేదు.

ఆ తర్వాత నీ కట్టలు విప్పే ధైర్యం లేక మెట్ల కింద పెట్టించాను.

నీ కంట్లో శుక్లం ఉందని నాకు అనుమానం. అలాంటి కన్నుకు ఊదా మట్టిలా కనిపిస్తుంది. అందుకే నువ్వు నీలం పోస్తూ పోయావు. చెప్పాలనుకున్నాను. కానీ నీకు నిజం చెప్పినవాళ్లు ఏమవుతారో నాకు తెలుసు. నా పెళ్లైన కొత్తలో, నువ్వు తడిపిన ఆకుపచ్చ తెర కాస్త పసుపు కొట్టిందన్నాను. పద్నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నా బిడ్డ పుడితే చూడటానికి రాలేదు. ఈ వయసులో ఇంకో పద్నాలుగు నెలలు నా దగ్గర లేవనుకున్నాను.

తప్పు చేశాను.

నీ చెల్లెలు


నవంబర్ 16

చెల్లాయికి,

తెర సంగతి నిజమే. నీ బిడ్డను చూడ్డానికి రాలేదు. అది నా తప్పు, నా లెక్కలో ఉంచుకుంటాను. నీ తప్పుకు దాన్ని చెల్లు వేయకు.

నువ్వు వీధిలో ఎవరో ఒకరివైతే, రంగు బాగుందని మొహమాటానికి అన్నావులే అనుకుంటాను. నువ్వు నర్సువి. ముప్పై ఏళ్లు జనం కళ్లలో లైటు వేసి చూసినదానివి. శుక్లం అంటే కోసి తీసేసేదని నాకు తెలియదు, నీకు తెలుసు. ముసలివాడి కన్ను అంతేలే అని నేను చచ్చేదాకా గుడ్డివాడిలా కాగు కలుపుతూ ఉంటే, నువ్వు బాగుంది, బాగుంది అంటూ ఉండేదానివి. చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి. తప్పకుండా తిట్టేవాణ్ణి. తిట్టి, నెలకో రెండు నెలలకో వెళ్లి కోయించుకునేవాణ్ణి. నా దగ్గర తిట్లు తినడం ఇష్టం లేక నా కన్ను పోనిచ్చావు. అది జాలి కాదు. పిరికితనం.

ఇంకొకటి. ఆ పెద్దాయన చెప్పులు లేకుండా బస్టాండులో నిలబడ్డాడు. నా రంగు వల్ల. ఆవిడ ఏడుపును నువ్వు పొగడ్త చేసి, అమ్మ పేరు కలిపి నాకు పంపావు. నేను దాన్ని మంగలి దుకాణంలో కూర్చుని చెప్పుకున్నాను. ఒకసారి కాదు. ఒకరి కష్టాన్ని నా చేత గొప్పగా చెప్పించావు. ఆవిడ ఎదురుపడితే నేను ఏ మొహం పెట్టుకోవాలి?

మీ వదినతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు నుంచి ఆవిడే మాట్లాడటం మానేసింది. "మీతో నిజం చెప్పాలంటే ముందు రోజే వంట చేసి పెట్టుకోవాలి, మర్నాడు ఇంట్లో కుంపటి వెలగదు" అందిట టీచరమ్మతో. అనుకోనీ. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టి, నేను ఊగుతుంటే చూశారు.

తొమ్మిది కట్టలూ కండక్టర్ చేత వెనక్కి పంపు. ముడి విప్పకు.

అన్నయ్య


జనవరి 20

చెల్లాయికి,

కుడికన్ను కోయించుకున్నాను. నీ ఆసుపత్రిలో కాదు. మీ వదిన తీసుకెళ్లింది, బస్సులో పక్కపక్కన కూర్చున్నాం, మాట్లాడుకోలేదు. కట్టు విప్పిన రోజు డాక్టర్ గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. అక్షరాలు నాకు ముందే అంతంత మాత్రం అని చెప్పాను. వాడు నవ్వాడు.

ఇంటికొచ్చి కట్టలు విప్పాను. నీలమే. అన్నీ నీలమే. ఇంత నీలాన్ని నేను మూడు రోజులు కూర్చుని ఊదా అనుకుని కలిపానంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

నాకు అర్థమైంది కూడా రాస్తున్నాను, నిజం ఇలా రాయాలని నీకు తెలియడానికి. నువ్వు పంపిన మచ్చుముక్క పక్కన పెట్టుకుని ఉంటే, ఈ పాడు కన్నుకు మచ్చూ మట్టిగానే కనిపించేది, నా రంగూ మట్టిగానే కనిపించేది. రెండూ కలిసినప్పుడు ఆపేవాణ్ణి. రంగు సరిపోయేది. నేను మంచి రోజుల కన్నుతో దాచుకున్న రంగును ఆ పాడు కన్నుతో వెతికాను. నా పొగరు నాది. ఇప్పుడు కాగు పైన మేకుకు మచ్చు వేలాడుతోంది.

నీలాన్ని ఎర్రకాగులో ముంచితే ఊదా అవుతుంది. అలా ముంచిన రెండు వందల ముక్కలు పంపుతున్నాను. నీకు ఒకటే పని. పగటి వెలుతురులో ఒక్కొక్కటీ చూసి, ఏది తప్పో, ఎన్ని తప్పో రాయి. బాగున్నాయని రాయకు. ఆ మాట నువ్వు వాడి వాడి అరగదీశావు.

అన్నయ్య


ఫిబ్రవరి 1

అన్నయ్యకు,

కిటికీ పక్కన బల్ల మీద రెండు వందలూ పరిచి చూశాను. నాలుగింటికి మచ్చలున్నాయి. పదకొండింటికి ఒక అంచున నీలం మిగిలింది. అవి పనికిరావు. మిగతావి ఊదా. మేం అడిగిన ఊదా.

ఇలా రాయడం కష్టంగా ఉంది, చెయ్యి వెనక్కి లాగుతోంది. కానీ నువ్వు అడిగింది ఇదే. ఇకమీదట ఇలాగే రాస్తాను. ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి, రంగు తప్పని తెలిసీ గుచ్చింది నేనేనని చెప్పి వచ్చాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు.

నన్ను మళ్లీ ఉత్తరం మొదట్లో చెల్లాయి అని రాశావు. అది చూసుకుంటున్నాను.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 13

చెల్లాయికి,

ఆవిడ ఇంటికి వెళ్లావు, మంచిపని. కూర్చోమనకపోతే నిలబడే రావాలి.

మచ్చలు నాలుగు, సరిపోయింది. అంచున నీలం మిగిలినవి పదకొండు అన్నావు. పద్నాలుగు, చెల్లీ. అవి పొరపాటున వచ్చినవి కావు. వాటి అంచును ఎర్రకాగులో మునగనివ్వకుండా పైకి పట్టుకున్నది నేనే. ఒక్కొక్కటీ లెక్కపెట్టి కట్టలో కలిపాను. మాట ఇచ్చాక నువ్వు ఎలా రాస్తావో చూద్దామని. తోడబుట్టినదాన్ని ఇలా పరీక్ష పెట్టే స్థితికి వచ్చాను, దానికి సిగ్గుపడుతూనే పెట్టాను.

మూడు తగ్గాయి. అవి నీకు కనబడలేదా, కనబడినా అన్నయ్య మనసుకు పద్నాలుగు ఎక్కువని నువ్వే తగ్గించావా? నేను నాలుగు రోజుల నుంచి ఈ ఒక్కటే ఆలోచిస్తున్నాను. మీ వదినను అడిగాను. ఇప్పుడు మాట్లాడుతోందిలే. "ఆవిడకూ అరవై ఆరు వచ్చాయి, కనబడి ఉండదు" అంది. ఆవిడ మాట కూడా నమ్మాలో లేదో నాకు తెలియడం లేదు.

కనబడకపోతే రేపే వెళ్లి కన్ను చూపించుకో, ఆలస్యం చేయకు, చెప్పేవాడు లేక నేను పాడైనట్టు నువ్వు పాడైపోకు. కనబడీ రాయకపోతే ఇంక ఉత్తరం వద్దు.

ఏదైనా ఒకటే మాట రాయి. నేను కూర్చుని, చెల్లెలి కన్ను నిజంగానే చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను. అలాంటి అన్నను చేశావు నన్ను.

అన్నయ్య